ఆడవాళ్ల మడుగు

ఆ జలాశయం గట్టు మీద ఆమెను అందరూ ఈతక్క అనేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఓటర్ల జాబితాలోనూ పెళ్లి కాగితంలోనూ భద్రంగా ఉండిపోయింది తప్ప ఎవరి నోటా పలకలేదు. కట్టుకున్న మొగుడు కూడా, గుమ్మంలోకి కొత్తవాళ్లెవరైనా వచ్చి అడిగితే, "మా ఈతక్క లేదండీ, నీళ్లలోకి వెళ్లింది" అనేసి, ఆ తరవాత నాలిక కరుచుకునేవాడు. పెళ్లాన్ని అక్కా అన్న మొగాడు ఆ వీధి మొత్తానికి అతనొక్కడే అని చుట్టుపక్కలవాళ్లు ఏళ్ల తరబడి నవ్వుకున్నారు.

ఆమె తండ్రి ఆ జలాశయం గేట్లు ఎత్తే మనిషి. ఎనిమిది మైళ్ల అవతల ఉన్న నగరానికి తాగేనీళ్లు అక్కణ్ణించే వెళ్లేవి. ఆనకట్ట పక్కన నీళ్లలో నిలబెట్టిన రాతి స్తంభం మీద అడుగులూ అంగుళాలూ గీసి ఉండేవి. రోజూ పొద్దున ఆరింటికి ఆయన ఆ స్తంభం చూసి, నీటిమట్టం ఎంతుందో పుస్తకంలో రాసి, నగరంలోని ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పేవాడు. నిండుకుండలా ఉంటే ఇరవై ఆరడుగులు. ఎండాకాలం చివర పది, పదకొండు. వాళ్ల క్వార్టరు గుమ్మానికీ నీళ్లకీ మధ్య పట్టుమని పది అంగలు లేవు. అందుకని కూతురికి అయిదో ఏడు రాగానే, మూత బిగించిన కిరసనాయిలు డబ్బా వీపుకు కట్టి నీళ్లలోకి దింపేశాడు.

"నీళ్లకి కాపలా కాయమని నాకు జీతమిస్తున్నారు. నీకు కూడా కాపలా కాయాలంటే నా వల్ల కాదు తల్లీ" అన్నాడు.

పదేళ్లు నిండేసరికి ఆ పిల్ల పంపుహౌసు గోడ దాకా ఈది, గోడను అరచేత్తో తట్టి, మళ్లీ ఈదుకుంటూ వచ్చేది. మంచం మీద కళ్లు మూసుకుని గేట్ల మోత విని ఎన్ని ఎత్తారో చెప్పేది. ఒక గేటైతే గొంతు సవరించుకున్నట్టు ఉంటుందనీ, మూడైతే బరువు లారీ గేరు మార్చినట్టు ఉంటుందనీ వివరించేది. లెక్క ఎప్పుడూ తప్పలేదు.

పెళ్లి గట్టు కింది వీధిలో ఉండే టైలరుతో జరిగింది. అతనికి నీళ్లంటే హడల్. తల మీద చెంబుడు నీళ్లు పోసుకునేటప్పుడు కూడా ఊపిరి బిగబట్టేవాడు. పెళ్లయిన కొత్తలో ఆమె ఒకసారి, "రండి, మీకూ నేర్పిస్తాను" అంటే, "నువ్వొడ్డున పడేస్తావన్న ధైర్యంతోనే కదే చేసుకున్నాను. నన్నెందుకు నీళ్లలో పడేస్తావ్?" అన్నాడు.

ఆదివారాలు నగరం నుంచి జనం బుట్టలూ ఫ్లాస్కులూ పట్టుకుని గట్టు మీదికి వచ్చేవాళ్లు. మగవాళ్లు నీళ్లలోకి దూకి కేరింతలు కొడుతుంటే, ఆడవాళ్లు వాళ్ల చొక్కాలూ వాచీలూ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చునేవాళ్లు. అలాంటి ఒక ఆదివారం ఒకావిడ టిఫిను డబ్బా కడగబోయి, పాచి పట్టిన మెట్టు మీద జారి నీళ్లలో పడింది. చుట్టూ నలభైమంది ఉన్నారు. ఆడుకుంటోందనుకున్నారు కొందరు. ఎవరో ఒకరు దిగుతారులే అనుకున్నారు మిగతావాళ్లు. బట్టలు ఉతుకుతున్నదల్లా కేకలు విని ఈతక్క పరిగెత్తుకొచ్చి, దూకి, ఆవిణ్ణి పైకి లాగేసరికి అంతా అయిపోయింది. అక్కడ నీళ్లు ఛాతీ లోతు. చనిపోయినావిడ భర్త తడిబట్టలతో నిలబడి, "నిలబడితే సరిపోయేదే... నిలబడితే సరిపోయేదే..." అని ఒకటే మాట అంటూ ఉండిపోయాడు.

ఆ మాట ఈతక్కకు చాలాకాలం నిద్ర పట్టనివ్వలేదు. నిలబడొచ్చని ఆవిడకు ఎవరు చెప్పారు గనక?

పంపుహౌసు వెనకాల గట్టు లోపలికి వంగిన చోట చిన్న మడుగు ఉంది. మూడు వైపులా ఎత్తైన గట్టు, రోడ్డు మీంచి ఎవరికీ కనబడదు. నీటిమట్టం పదహారు అడుగులు దాటితే మడుగులోకి నీళ్లొచ్చేవి. అడుగు ఏటవాలుగా ఉండడం వల్ల ఇరవై ఆరున్నప్పుడు కూడా మెట్ల వైపు లోతు భుజాలు దాటేది కాదు. అక్కడ పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఆడవాళ్లకు ఈత నేర్పనివ్వమని ఆమె జలాశయం ఆఫీసుకు అర్జీ పెట్టింది. నాలుగేళ్లు తిప్పారు. ఆడవాళ్లకు ఈత దేనికన్నారొకరు. ఎవరైనా మునిగితే బాధ్యత ఎవరిదన్నారు ఇంకొకరు.

"ఇప్పుడు మునుగుతున్నవాళ్ల బాధ్యత ఎవరిదండీ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఇంకో ఏడాది తిప్పారు.

చివరికి కొత్తగా వచ్చిన ఇంజనీరు ఒప్పుకున్నాడు. ఆయన గొప్పతనమేం లేదు. ఆయన తొమ్మిదేళ్ల కూతురు నీళ్లు చూస్తే కేకలు పెట్టేది. సన్నగా, పుల్లలాంటి కాళ్లతో ఉండే ఆ పిల్లను ఇంట్లో పిచ్చుక అని పిలిచేవాళ్లు. మడుగులో ఈతక్క మొదటి శిష్యురాలు ఆ పిల్లే. వెల్లకిలా పడుకోబెట్టి వీపు కింద అరచెయ్యి ఆనిస్తే, "చెయ్యి తియ్యకక్కా, తియ్యనని ఒట్టు పెట్టు" అని ఏడ్చేది. ఒకటి కాదు, రెండు కాదు, నలభై రోజులు ఈతక్క ఆ చెయ్యి తియ్యలేదు. నలభై ఒకటో రోజున ఆ పిల్ల తనంతట తనే తేలింది.

పిచ్చుక తరవాత ఇంకో ఇద్దరు, ఆ తరవాత పదిమంది. ఏం వేసుకుని దిగాలన్నది పెద్ద సమస్యయింది. చీరలు కాళ్లకు చుట్టుకునేవి, బజార్లో దొరికే ఈత బట్టలు వేసుకోవడానికి వాళ్లకు సిగ్గు. టైలరు మూడు రాత్రులు ఆలోచించి, మోకాళ్ల కిందికి లాగూ, మోచేతుల దాకా చేతులూ ఉండి, నీళ్లు పీల్చుకోని గుడ్డతో ఒక జత కుట్టాడు. అది అందరికీ నచ్చింది. ఈతక్క కొలతలు తీసుకుని చీటీల మీద రాసి ఇస్తే అతను కుట్టేవాడు.

"ఈ ఊళ్లో సగంమంది నడుం కొలతలు నా దగ్గరున్నాయి. ఒక్కరి ముఖమూ నాకు తెలీదు. నా అంత పెద్దమనిషిని ఎక్కడైనా చూపించు" అనేవాడు.

ఇరవై రెండేళ్లు అలా గడిచాయి. బడిపంతులమ్మలు వచ్చారు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు వచ్చారు, కారు డ్రైవరును గట్టు దిగువనే ఆపించి నడిచి వచ్చిన పెద్దింటి కోడళ్లు వచ్చారు. నీళ్లలో దిగాక అందరివీ టైలరు కుట్టిన అవే బట్టలు. ఎండాకాలం మూడు నెలలు మడుగు ఎండిపోతే సెలవు. ఊరికి తాగడానికి నీళ్లు కావాలి కదా, దానికి ఈతక్క ఏనాడూ మొహం మాడ్చుకోలేదు. వానలు పడగానే స్తంభం దగ్గరికి వెళ్లి చూసేది. పదహారు దాటిన రోజున మడుగు మెట్లమీది బురద తనే కడిగేది.

చివరి రెండేళ్లలో వచ్చినవాళ్లలో ఒకావిడ పెద్దాసుపత్రిలో నర్సు. అందరూ నర్సమ్మ అనేవారు. భారీ మనిషి, మోకాళ్ల నొప్పులు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా బస్సెక్కి వచ్చేది. మొదటి రోజున గట్టు మీద నిలబడి, "నేను మునుగుతానని భయం లేదక్కా. నేను దిగితే నీళ్లే ఒడ్డెక్కుతాయేమోనని" అంది. ఈత బాగా వచ్చిందని చెప్పలేం గానీ తేలడం వచ్చింది. కళ్లు మూసుకుని గంటసేపు అలాగే తేలేది.

"పన్నెండు గంటలు వార్డులో నిలబడి వస్తానా... నాకు మోకాళ్లున్నాయన్న సంగతి మర్చిపోయేది ఈ గంటేనక్కా" అనేది.

ఆ ఇరవై రెండో ఏడే జలాశయం గట్టునంతా ఒక విహార సంస్థకు అప్పగించారు. మోటారు పడవలు వచ్చాయి, టిక్కెట్ల గది వచ్చింది. సంస్థ మేనేజరుగా వచ్చింది ఎవరో కాదు, పిచ్చుకే. ఇప్పుడు నిలువెత్తు మనిషి, కళ్లద్దాలు, చేతిలో రెండు ఫోన్లు. మొదటి రోజునే ఈతక్కను వెతుక్కుంటూ వచ్చి అందరి ముందూ కావలించుకుంది. ఈతక్కకు నేల మీద కాలు నిలవలేదు. ఇంటికొచ్చి మొగుడితో, "ఇంక మనకి ఢోకా లేదండీ, మన పిల్లే వచ్చింది" అంది.

ఆ ఎండాకాలం నీటిమట్టం పదకొండుకు దిగింది. మడుగు ఎండింది. మెట్ల దగ్గర ఒక బోర్డు పెట్టారు: నీటిమట్టం తక్కువగా ఉన్నందున ఈత నిలిపివేయడమైనది. అది ఏటా జరిగేదే, బోర్డొక్కటే కొత్త. వానలు మొదలయ్యాయి. నెల గడిచింది. కుండపోతగా కురిశాయి. ఈతక్క రోజూ పొద్దున్నే వెళ్లి స్తంభం చూసేది. పదమూడు. పద్నాలుగు. మళ్లీ పదమూడు. ఇంత వాన పడుతుంటే నీళ్లు ఎక్కడికి పోతున్నట్టు?

ఒకరోజు తెల్లవారుజామున మంచం మీదే ఆ మోత విని లేచి కూర్చుంది. లారీ గేరు మార్చినట్టు. మూడు గేట్లు. జలాశయం నిండకముందే గేట్లెత్తడం ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

తండ్రి దగ్గర పని నేర్చుకున్నాయనే ఇప్పుడు గేట్ల దగ్గర ఉన్నాడు. ఆమె బాబాయ్ అని పిలిచేది. తెల్లారగానే వెళ్లి నిలదీసింది.

"ఏంటి బాబాయ్ ఇది? పద్నాలుగుకే ఎత్తేశావా?"

ఆయన కాసేపు నీళ్లు నమిలాడు. చేతిలోని పాతగుడ్డతో గేటు చక్రాన్ని తుడిచాడు. అప్పటికే తుడిచి ఉన్నదాన్నే మళ్లీ తుడిచాడు.

"పద్నాలుగు దాటనివ్వొద్దని కాగితం వచ్చిందమ్మాయ్. నీ మడుగులో స్తంభాలు లేపుతున్నారు. పైన అద్దాల హోటలట. పునాదులు గట్టిపడేదాకా అక్కడ చుక్క నీరుండకూడదట."

"ఊళ్లో కుళాయిలు మూడు రోజులకోసారి వస్తున్నాయి బాబాయ్!"

"నాకు తెలీదంటావా? ముప్పై ఏళ్లుగా ఈ నీళ్లు కాయడమేగా నా పని. నీళ్లు కిందికి వదిలేస్తుంటే నా చేతులు నాకే అసహ్యంగా ఉన్నాయి. ఇంకో రెండు నెలల్లో దిగిపోతాను, నన్ను గట్టెక్కనియ్. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకు."

ఆ సంగతి ఆమె నర్సమ్మకు చెప్పింది. నర్సమ్మ ఆ పూటే అర్జీ రాసింది. మడుగును కాపాడాలనీ, వాననీళ్లు నిలబెట్టాలనీ, ఆడవాళ్ల రెండు గంటలు వాళ్లకుండాలనీ ఒకటిన్నర పేజీ. ఇద్దరూ కాలికి బలపం కట్టుకుని తిరిగారు. ఇరవై రెండేళ్లలో మడుగులో ఈత నేర్చుకున్నవాళ్లు మూడొందల మందికి తక్కువుండరు. సంతకాలు పెట్టింది పంతొమ్మిదిమంది. ఒకావిడ మొగుడికి ఆ సంస్థతో సిమెంటు వ్యాపారమట. ఇంకొకావిడ, "మా ఆయన్నడిగి చెబుతా అక్కా" అని తలుపు వేసేసి, మళ్లీ తియ్యలేదు. పెద్దింటి కోడలొకామె వాళ్లను సోఫాలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, "అయినా అక్కా, హోటలు వెనకాల క్లబ్బులో టైల్సు వేసిన కొలను కడుతున్నారు. నీళ్లు అద్దంలా ఉంటాయట. ఆ బురదలో ఇంకా ఎందుకు?" అంది. ఆమెకు బురదలోనే కదా తేలడం వచ్చింది, అని ఈతక్క నోటిదాకా వచ్చింది. టీ తాగి లేచి వచ్చేశారు.

అర్జీ ఇవ్వడానికి ఈతక్క ఒక్కతే వెళ్లింది. ఆ రోజు నర్సమ్మకు సెలవు దొరకలేదు. పడవల రేవు పైన మేనేజరు అద్దాల గది. బల్ల మీద కట్టబోయే హోటలు నమూనా ఉంది. అగ్గిపుల్లలంత స్తంభాలు, బొటనవేలంత మనుషులు. మడుగు ఉన్న చోట అంచుల దాకా నీలం ప్లాస్టిక్కు నీళ్లు పోసి ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే కింద అసలు మడుగు కనబడుతోంది. నెర్రెలిచ్చిన మట్టి, ఇనుప చువ్వలు, సిమెంటు కలిపే మిషను.

"మేడం..." అని మొదలుపెట్టింది.

"నన్ను మేడం అంటావేంటక్కా? నా పరువు తీస్తున్నావ్. కూర్చో."

"సరే, పిచ్చుకా. గేట్లు ఎందుకెత్తించారమ్మా?"

మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. అబద్ధం చెప్పలేదు. అదే ఈతక్కకు ఇంకా కష్టంగా అనిపించింది.

"నీ దగ్గర దాచడమెందుకక్కా. పునాదుల కోసమే. ఈ ఒక్క ఏడాదే. అయినా అది నా చేతిలో పని కాదు, పైనుంచి వచ్చింది."

"జనం బిందెలు పట్టుకుని తిరుగుతున్నారు."

"మా ఇంటికీ ట్యాంకరే వస్తోంది. నేనేం సుఖంగా ఉన్నానా? విను, కట్టడం పూర్తవనియ్. పొద్దున ఆరు నుంచి ఎనిమిది ఆడవాళ్లదే. నువ్వే నేర్పాలి. పూచీ నాది."

"కాగితం మీద రాసిస్తావా?"

మేనేజరు నవ్వింది. లేచి వచ్చి ఈతక్క చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. "నీ అరచేతి మీద తేలినదాన్నక్కా నేను. నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

ఆ మాటతో ఈతక్క నీరుగారిపోయింది. అర్జీ బల్ల మీద పెట్టి వచ్చేసింది. నర్సమ్మ అంతా విని, "కాగితం అడిగితే చెయ్యి ఇచ్చిందన్నమాట" అంది, అంతే.

పది రోజులకు సంస్థ నుంచి ఒక మనిషి నీలం గుడ్డ తానులు తెచ్చి టైలరు కొట్లో దింపాడు. పడవలవాళ్లకూ హోటలువాళ్లకూ టిక్కెట్లమ్మేవాళ్లకూ అరవైమందికి యూనిఫారాలు. రెడీమేడు బట్టలొచ్చాక టైలరు కొట్టు ఈగలు తోలుకునే కొట్టయింది. చిరుగులకు అతుకులేయడం, ప్యాంట్ల అంచులు మడవడం తప్ప మూడేళ్లుగా పెద్ద బేరం తగల్లేదు. అతను మిషనుకు నూనె పెట్టాడు, పాత కత్తెరకు సాన పట్టించాడు, కూనిరాగాలు తీశాడు.

"నీ మూలంగానే వచ్చిందే ఇది. నీ శిష్యురాలు నిన్ను మర్చిపోలేదు" అన్నాడు.

ఈతక్క నవ్వింది. గుండీలు కుట్టిపెట్టింది. అరవై చొక్కాలకు ఒక్కోదానికి ఏడేసి గుండీలు, అన్నీ ఆమే కుట్టింది. కుడుతున్నంతసేపూ ఆ తానులు అర్జీకి ముందెందుకు రాలేదన్న ఆలోచన వచ్చేది. దాన్ని పక్కకు నెట్టేది.

ఆ నెలలోనే బాబాయ్ ఉద్యోగం దిగిపోయి, దూరాన ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. నర్సమ్మ మాత్రం వదల్లేదు. పట్టు వదలని మనిషి. ఒక పత్రికాయనతో మాట్లాడి, మర్నాడే కొట్టుకు వచ్చింది. అప్పటికే చేతికి కర్ర వచ్చింది.

"ఆయన రాస్తానన్నాడక్కా. గేట్లు ఎప్పుడెప్పుడు ఎత్తారో, నీళ్లెంత ఉండగా ఎత్తారో తెలిసిన మనిషి ఒకరు పేరు పెట్టి చెప్పాలట. నువ్వు గేట్లాయన కూతురివి. నీ మాట కొట్టిపారెయ్యలేరు. ఎప్పుడు తీసుకురమ్మంటావ్?"

ఈతక్క లోపల మిషను తొక్కుతున్న మొగుడి వైపు చూసింది. "వచ్చేవారం చూద్దాంలే నర్సమ్మా. ఈ పని ఒకటి మీదుంది."

నర్సమ్మ నీలం చొక్కాల గుట్ట వైపు చూసింది. కర్ర పట్టుకుని మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. వచ్చేవారం ఈతక్కకు జలుబు చేసింది. ఆ పై వారం చుట్టాలొచ్చారు. పత్రికాయనకు ఇంకేదో వార్త దొరికింది.

మరుసటేడు గేట్లు దించే ఉంచారు. వానలకు నీళ్లు ఇరవై అయిదుకు చేరాయి. హోటలు తయారైంది. ప్రారంభోత్సవానికి ఈతక్కకు అచ్చువేసిన ఆహ్వానం వచ్చింది. "జలాశయపు తొలి ఈత గురువుకు సన్మానం" అని అందులో ఒక వరుస. టైలరు ఆ కాగితాన్ని కొట్లో అద్దానికి అంటించాడు.

సాయంత్రం అయిదింటికి ఇద్దరూ వెళ్లారు. అతను కొత్త చొక్కా వేసుకున్నాడు. నీళ్ల మీదికి పరిచిన చెక్కల వేదిక, చుట్టూ స్టీలు కడ్డీలు, కుర్చీలు, పాటలు. చెక్కల మీద నడుస్తుంటే తన మడుగు మీద నడుస్తున్నానన్న సంగతి ఆమె పాదాలకు తెలుస్తోంది. మెట్లు ఎటు దిగాయో చూద్దామని కడ్డీ దగ్గరికి వెళ్లింది. మెట్లు లేవు. కొత్త బోర్డుంది: లోతు ముప్పై అడుగులు. ఈత నిషేధం.

రెండోసారి చదివింది. భుజాల దాకా ఉండే మడుగు. స్తంభాల కోసం, పెద్ద పడవలు తిరగడం కోసం తవ్వేశారు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా కాదు కదా, ఇంక ఎప్పటికీ అక్కడ ఎవరికీ ఏమీ నేర్పడానికి ఉండదు. చెయ్యి పట్టుకుని మాటిచ్చిన రోజున ఆ నమూనా బల్ల మీదే ఉంది. లోతెంతో ఆ పిల్లకు అప్పుడే తెలుసు.

అంతలో మైకులో ఆమెను పిలిచారు.

మేనేజరు చాలా బాగా మాట్లాడింది. చిన్నప్పుడు తనకు నీళ్లంటే ఎంత భయమో, నలభై రోజులు ఒక చెయ్యి తనను ఎలా మోసిందో చెబుతుంటే జనం చప్పట్లు కొట్టారు. కొందరు కళ్లొత్తుకున్నారు. ఈతక్క చేతిలో గాజు పడవ పెట్టారు. "రెండు మాటలు చెప్పక్కా" అని మైకు అందించారు.

పైనుంచి అందరూ కనబడుతున్నారు. మూడో వరసలో మొగుడు, కుర్చీ అంచున కూర్చుని. అటూ ఇటూ అతను కుట్టిన నీలం చొక్కాలు వేసుకున్న పనివాళ్లు. మొదటి వరసలో సోఫా ఇంటి కోడలు. అందరికంటే వెనక, కుర్చీ దొరకక, కడ్డీకి ఆనుకుని కర్రతో నిలబడిన నర్సమ్మ. నర్సమ్మ ఆమెనే చూస్తోంది. చెప్పాల్సిన మాట చిన్నదే. నిరుడు వానల్లో పద్నాలుగడుగులు కూడా దాటకుండా గేట్లెందుకెత్తారు? ఒక్క వాక్యం. అది నాలిక మీద సిద్ధంగా ఉంది.

"అందరికీ నమస్కారం. నాకు మాట్లాడటం రాదు. చాలా సంతోషం" అంది ఈతక్క.

చప్పట్లు ఇందాకటికంటే గట్టిగా మోగాయి. దిగి వచ్చేసింది.

బయటికి వెళ్లే దారిలో నర్సమ్మ కాచుకుని ఉంది. టైలరు పలకరించబోతే తలూపి, ఈతక్క వైపు తిరిగింది.

"ఒక్కటి చెప్పక్కా. వాళ్లు నీ నోరు మూశారా, నువ్వే మూసుకున్నావా?"

మొగుడు కాస్త ముందుకు నడిచేదాకా ఈతక్క ఆగింది. "మా ఆయన ఆర్డరు నర్సమ్మా... నీకు తెలీందేముంది. ఇన్నేళ్ల తరవాత..."

"సరేలే" అంది నర్సమ్మ. కోపంగా అన్నా బాగుండేది. ఆసుపత్రిలో ఇంక చేసేదేమీ లేదని తేలిన మనిషి మంచం దగ్గర అనే మాటలా, నెమ్మదిగా అంది. కర్ర ఆనించుకుంటూ బస్సుల వైపు వెళ్లిపోయింది.

ఆ తరవాత నర్సమ్మ కొట్టుకు రాలేదు. ఈతక్కే ఒకసారి వాళ్లింటికి వెళ్లింది. నర్సమ్మ ముందుగానే ఉద్యోగం మానేసింది. నాలుగు కాళ్ల ఇనప చట్రం పట్టుకుని వంటింట్లోంచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. కుట్టుపని ఎలా ఉందని అడిగింది, ఆరోగ్యం అడిగింది, వానలు అడిగింది. జలాశయం ఊసెత్తలేదు. క్షమించమని అడగడానికి వెళ్లిన ఈతక్కకు ఆ మాట పెట్టే సందు దొరకలేదు. గ్లాసు కింద పెట్టి వచ్చేసింది. మళ్లీ వెళ్లలేదు.

క్లబ్బు కొలనుకు కోచ్ వచ్చాడు, సర్టిఫికెట్లున్న మనిషి. సభ్యులకే ప్రవేశం. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకూ బడిపంతులమ్మలకూ ఈత అన్నది అక్కడితో ముగిసిపోయింది. ఆదివారాలు హోటల్లో నిలబడటానికి చోటుండదు. మేనేజరును ఇంకా పెద్ద ఉద్యోగమిచ్చి వేరే ఊరికి పంపారు. వెళ్లేముందు ఫోన్ చేసి, "తీరిక దొరకలేదక్కా, ఏమీ అనుకోకు" అంది.

ఏడాది తిరిగేసరికి యూనిఫారాల సంగతేంటని టైలరు సంస్థ ఆఫీసుకు వెళ్లి అడిగాడు. ఈసారి ఏదో పెద్ద కంపెనీ నుంచి రెడీమేడు తెప్పిస్తున్నామన్నారు. అతను ఇంటికొచ్చి, చొక్కా విప్పి మేకుకు తగిలించి, మిషను ముందు కూర్చున్నాడు. ఎండాకాలపు మధ్యాహ్నం. వీధిలో ట్యాంకరు దగ్గర బిందెల చప్పుడు. ఈతక్క ఒక ప్యాంటు అంచు విప్పుతోంది.

"దీని కోసం ఆ రోజు నోరు మూసుకున్నాను. ఇప్పుడిదీ పోయింది" అంది ఆమె, దారం కొరుకుతూ.

అతను తలెత్తాడు. "దేని కోసం?"

"మీ కోసమేగా. మీ ఆర్డరు పోతుందని."

టైలరు కళ్లజోడు తీసి మిషను మీద పెట్టాడు. ముప్పై ఏళ్లలో ఆమె అతని ముఖంలో అంత కోపం చూడలేదు.

"నేనడిగానా?"

"అడగలేదు, కానీ..."

"నిన్ను మాట్లాడొద్దని నేనన్నానా? ఒక్కసారైనా అన్నానా? నువ్వు మైకు పట్టుకోగానే నాకు తెలిసిపోయింది, అడిగేస్తుందని. పోతే పోయింది వెధవ ఆర్డరు అని గుండె చిక్కబట్టుకుని కూర్చున్నానే నేను. నువ్వే దిగొచ్చేశావ్. నీ మౌనాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టకు."

ఈతక్క దారం తెంపి ప్యాంటు పక్కన పెట్టింది. ఏడాదిగా నర్సమ్మకు చెప్పుకున్నదీ, తనకు తాను చెప్పుకున్నదీ ఆ కారణమే. అది ఆమె చేతిలోంచి జారిపోయింది. మిగిలిందేమిటో ఆమెకు తెలుసు. ఆ సాయంత్రం అంతమంది తనను చూసి చప్పట్లు కొడుతుంటే బాగుంది. నిజంగా బాగుంది. ఆ మాట అడిగితే అవి ఆగిపోతాయని భయమేసింది. అంతకు మించి ఇంకేమీ లేదు. గాజు పడవ లోపలి గదిలో, పాత చీటీల డబ్బా పక్కన, బట్టలో చుట్టి ఉంది. దాన్ని ఎవరికీ చూపించనూ లేదు, పారెయ్యనూ లేదు.

గుమ్మంలో ఎవరో దగ్గారు. చొక్కా వదులు చేయించుకోవాలని ఒకాయన వచ్చి నిలబడ్డాడు. టైలరు కళ్లజోడు కోసం తడుముకుంటున్నాడు. ఈతక్క మెడలో టేపు సర్దుకుని, కొలత తీసుకోవడానికి లేచింది.